పెళ్లిచూపులకని విమానం ఎక్కే ముందు

ఆన్‌లైన్‌లో పరిచయమైన అమ్మాయిని చూడ్డానికి బ్యాంకాక్ బయల్దేరుతున్నారా? టికెట్ కొనే ముందు ఇవి చూసుకోండి.

- వీడియో కాల్‌లో పది నిమిషాలైనా మాట్లాడండి. ప్రతిసారీ "కెమెరా పాడైంది" అంటే, పాడైంది కెమెరా కాదు.

- వీసాకనో, వాళ్లమ్మ ఆపరేషన్‌కనో అడిగితే డబ్బు పంపొద్దు. "మీకొచ్చిన గిఫ్టు ఢిల్లీ కస్టమ్స్‌లో ఆగింది, 35 వేలు కట్టండి" అనే ఫోనూ ఈ బాపతే. కస్టమ్స్ వాళ్లు సుంకాన్ని ఎవరి సొంత ఖాతాలోనో వేయమనరు. ఇప్పటికే పంపేశారా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

- హోటలు, తిరుగు టికెట్టు మీరే బుక్ చేసుకోండి.

- ఎయిర్‌పోర్టుకు పంపిన కారు మే సాట్ వైపు వెళ్తుందంటే అసలు ఎక్కొద్దు. అది మయన్మార్ సరిహద్దు ఊరు. నది దాటితే మయన్మార్‌లోని మ్యావడీ. అక్కడి సైబర్ మోసాల స్థావరాల్లో ఉద్యోగాల ఆశతో వెళ్లిన మనవాళ్లెందరో చిక్కుకున్నారు. పెళ్లి ఎర వేసినా దారి అదే కావచ్చు.

- పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. భారత ఎంబసీ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోన్ పోయినా ఉంటుంది.

- ఇంట్లో చెప్పడానికి మొహమాటమైతే కనీసం బావకైనా హోటల్ అడ్రసు చెప్పి వెళ్లండి. నవ్వితే నవ్వనీ.