ఫ్యాట్ శాతం రాత్రికి రాత్రి ఎగిరిందా? ముందు ఫోన్‌లో పేరు చూడండి

హన్మకొండలో జిమ్ ట్రైనర్‌ని. ఇంట్లో ఫ్యాట్ కాంటా, అంటే బరువుతోపాటు ఒంట్లో కొవ్వు శాతం కూడా ఫోన్ యాప్‌లో చూపించే మిషన్, ఎక్కి వారానికి ఇద్దరైనా ఫోన్ పట్టుకొని వస్తారు. "అన్నా, నిన్న 24 ఉండె, ఇయ్యాల 28 చూపిస్తాంది. మిషన్ ఖరాబైందా?" నూటికి తొంభైసార్లు మిషన్ బాగానే ఉంటుంది.

ఇంట్లో వాడే ఫ్యాట్ కాంటా కొవ్వును నేరుగా కొలవదు. ఒక అరికాలి నుంచి సన్నటి కరెంటు ఎక్కించి, రెండో అరికాలి దగ్గర పట్టుకొని, దారిలో ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. కండలో నీళ్లెక్కువ కాబట్టి కరెంటు సాఫీగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డుకు మీ ఎత్తు, వయసు, బరువు, ఆడా మగా అన్నది కలిపి లెక్క కడుతుంది. కాబట్టి అంకె తప్పిందంటే ఒంట్లో నీరన్నా మారి ఉండాలి, యాప్‌లో మీ వివరాలన్నా మారి ఉండాలి.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి

2, 3 శాతం తేడా ఉంటే అది సమస్యే కాదు. పొద్దంతా నిలబడితే నీరు కాళ్లలోకి దిగి అడ్డు తగ్గుతుంది, ఫ్యాట్ తక్కువ చూపిస్తుంది. ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు ఎక్కినా అంతే. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోతే ఉల్టా ఎక్కువ చూపిస్తుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ఉరికే పిల్లలు మే నెలలో 1600 మీటర్లు కొట్టి, నీళ్లు తాగకుండానే కాంటా ఎక్కుతారు, ఆ అంకెను నమ్మి రాత్రి అన్నం మానేస్తారు. పొద్దున లేచి, బాత్రూమ్‌కు పోయొచ్చి, ఏమీ తినక తాగకముందు, అరికాళ్లు తుడుచుకొని ఎక్కండి. ఒకరోజు అంకె కాదు, వారం సగటు చూడండి.

బరువే కుదురుగా లేదు

షాబాద్ బండల మీద పెట్టారా? కాంటా ఒక కాలు రెండు బండల సందులో ఉంటుంది. జరిపి చూడండి, అయిపోయింది.

బరువు అంతే, ఫ్యాట్ మాత్రం 6 నుంచి 10 శాతం ఎగిరింది

నేను బోల్తా పడ్డది ఇక్కడే. మా జిమ్‌కు వచ్చే ఒక అన్న 76 కిలోల నుంచి 70కి దిగిండు, ఫ్యాట్ 24. ఒక పొద్దున 33 వచ్చింది. నేను కూడా ఆలోచించకుండా "అన్నం తగ్గించన్నా" అన్నాను. రెండు వారాల తర్వాత మొహం వేలాడేసుకొని వచ్చిండు: "అన్నం బంద్ జేసిన గద తమ్మీ, 33 దిగుతలేదు." అప్పుడు ఫోన్ తీసుకొని చూస్తే, స్క్రీన్ పైమూల చిన్న గుండ్రంలో ఉన్నది వదినె పేరు.

జరిగింది ఇదీ. ఇట్లాంటి కాంటాలు చాలావరకు ఎక్కింది ఎవరో బరువును బట్టి పోల్చుకుంటాయి. వదినె బరువు 69. ఈయన తగ్గుతూ తగ్గుతూ ఆమె దగ్గరికి వచ్చేసరికి కాంటా ఈయనను ఆమె అనుకుంది. ఆమె ఎత్తు, ఆమె వయసు, ఆడమనిషి లెక్క. ఆమె ఎక్కిన రెండు రోజులు ఈయన పేరు మీద పడ్డాయి. 27 చూసి, ఎవరికీ చెప్పకుండా సంతోషపడ్డదట.

నేను వేయాల్సిన లెక్క చిన్నది. 70 కిలోలలో 24 శాతం అంటే 16.8 కిలోలు, 33 శాతం అంటే 23.1. రాత్రికి రాత్రి 6.3 కిలోల కొవ్వు చేరి, అంతే కండ కరిగితే తప్ప బరువు అక్కడే ఉండదు. ఏ ఒంట్లో జరుగుతుంది అది?

సరిచేయడం తేలికే. తప్పుపడ్డ రీడింగులు తీసేయండి, లేదా అసలు మనిషి పేరు మీదికి మార్చండి. ఇకనుంచి యాప్‌లో మీ ప్రొఫైల్ తెరిచాకే ఎక్కండి, చుట్టాలు పక్కాలు ఎక్కితే యాప్‌లో గెస్ట్ మోడ్ పెట్టండి. అన్నదమ్ములున్న ఇంట్లో, బరువులు దగ్గరగా ఉన్న ఆలుమగలున్న ఇంట్లో ముందు చూడాల్సింది ఇదే.

ప్రొఫైల్ తెరిచారు కదా, ఎత్తు కూడా చూడండి. 5 అడుగుల 6 అంగుళాలంటే 167.6 సెంటీమీటర్లు. అదే 5.6 అడుగులని కొడితే 170.7 అవుతుంది. ఈ లెక్కలో ఎత్తును ఎత్తుతోనే గుణిస్తారు, అందుకే 3 సెంటీమీటర్లు కూడా ఫ్యాట్‌ను తగ్గించి చూపిస్తాయి. అథ్లెట్ మోడ్ (బాగా కసరత్తు చేసేవాళ్ల కోసం ఉండే సెట్టింగ్) పిల్లలెవరైనా నొక్కారేమో కూడా చూడండి, అది లెక్కనే మార్చేస్తుంది.

మిగతావి

బ్యాటరీ వీక్, అరికాళ్ల పగుళ్లు: ఉంటాయి, అరుదు. జిమ్ మిషన్‌కూ ఇంటి కాంటాకూ పొత్తు కుదరదు, రెండూ పోల్చకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు ఎక్కొద్దు. కాళ్లు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే మాత్రం కాంటా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోండి.