పాదానికి ఆపరేషన్ ఉందని ఒళ్ళంతా ఆపేయకండి

పాదానికి ఆపరేషన్ అని డాక్టరు చెప్పగానే ఇంట్లో అందరి నోటా వచ్చే మొదటి మాట "ఇంక కదలకు" అని. నాకూ అదే చెప్పారు. నా కుడికాలి బొటనవేలు మొదట్లో ఉండే కీలులో గుజ్జు మొత్తం అరిగిపోయింది, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి, ఆ రెండిటినీ కలిపి స్క్రూలతో బిగించేయాలన్నారు. తేదీ మూడు నెలల తర్వాత దొరికింది. ఎలాగూ ఆపరేషన్ ఉంది కదా, అప్పటిదాకా రెస్ట్ తీసుకుందాం అనుకుని నెలరోజులు సోఫాలో కూర్చున్నాను. పాదం నొప్పి తగ్గలేదు. పైగా ఎడమ మోకాలు పట్టేయడం మొదలైంది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, రోజూ చకచకా ఎక్కే మెట్ల మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకుని ఆయాసం తీర్చుకోవాల్సి వచ్చింది. పాడైంది ఒక్క కీలు, నేను మూలన పడేసింది మొత్తం ఒంటిని.

ఇప్పుడు కుడి పాదానికి ఆపరేషన్ అయ్యి ఏడాది దాటింది. ఎడమ పాదానికి వచ్చే నెల ఉంది. పోయినసారి ఆలస్యంగా తెలుసుకున్నవీ ఈసారి ముందునుంచే చేస్తున్నవీ రాస్తున్నాను, ఎవరికైనా ఆ నెలరోజులు మిగులుతాయని.

ముందుగా, మీ కీళ్ళ నొప్పి ఏ రకమో కచ్చితంగా తెలుసుకోండి. నాది అరుగుదల. రుమటాయిడ్ వేరు, అందులో ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేస్తుంది, పొద్దున్నే వేళ్ళు చాలాసేపు బిగుసుకుపోయి ఉంటాయి, మామూలుగా రెండు వైపులా కీళ్ళు వాస్తాయి. దానికి మెథోట్రెక్సేట్ లాంటి మందులు వాడుతుంటారు. ఆపరేషన్ ముందు ఏ మందు కొనసాగించాలి, ఏది ఆపాలి అన్నది మనం ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు, ఆపరేషన్ చేసే డాక్టరునీ ఆ మందు రాసిన డాక్టరునీ ఇద్దరినీ అడగాలి. ఏ రకమైనా సరే, కీలు ఎర్రగా, వేడిగా, వాచి ఉన్న రోజున దానికి పని పెట్టకండి, మెల్లగా ఆడించి వదిలేయండి. మిగతా ఒంటికి ఆ రోజు కూడా పని ఉంటుంది.

ఎంత చేయాలి అన్నదానికి మా ఫిజియో చెప్పిన లెక్క ఒకటుంది, ఇప్పటికీ నేను దాని మీదే నడుస్తున్నాను. వ్యాయామం అయిన రెండు గంటలకి నొప్పి మొదలుపెట్టకముందు కన్నా ఎక్కువగా ఉందంటే ఆ రోజు ఎక్కువ చేసినట్టు, మర్నాడు తగ్గించుకోవాలి. లేదంటే సరిపోయినట్టే. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉండటం తప్పు కాదు, అది చూసి భయపడి ఆపేయక్కర్లేదు. అయితే మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొనుక్కుని వేసుకుని బయల్దేరితే ఈ లెక్క పనిచేయదు, నొప్పి చెప్పాల్సిన సంగతి చెప్పదు కదా. పైగా డైక్లోఫెనాక్ లాంటివి అదే పనిగా వాడితే కడుపుకీ కిడ్నీలకీ చేటు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక నడక సంగతి. విశాఖలో ఉండి బీచ్‌కి వెళ్ళొద్దంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. వెళ్ళండి, కానీ ఇసుకలోకి దిగకండి. పొడి ఇసుకలో పాదం దిగబడుతుంది, ప్రతి అడుగుకీ వేళ్ళని వంచి నెట్టాలి, అరిగిన బొటనవేలికి అంతకన్నా శిక్ష లేదు. నీళ్ళ దగ్గర తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కదా అంటారు, కానీ అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక పాదం ఎత్తులో ఒక పాదం పల్లంలో పడుతూ చీలమండలు పక్కకి ఒరుగుతాయి, వెనక్కి వచ్చేసరికి మోకాళ్ళు కూడా మూలుగుతాయి. ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున బండ్లు ఆపేసే సమయంలో రోడ్డు మీదే నడవండి, చదునుగా ఉంటుంది. నేను దూరం లెక్క పెట్టుకోను, బెంచీలు లెక్క పెట్టుకుంటాను. ఒక బెంచీ దగ్గర మొదలుపెట్టి రెండో బెంచీ దగ్గర కూర్చుంటాను, పాదం ఎలా ఉందో చూసుకుని లేస్తాను. ఒకేసారి అరగంట నడిచి సాయంత్రమంతా కుంటడం కన్నా పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవడం నాకు బాగా సరిపోయింది. మన ఊరు సగం కొండల మీద ఉంటుంది, సీతమ్మధార లాంటి చోట్ల ఎత్తు రోడ్లు ఎక్కేటప్పుడు బొటనవేలు బాగా వంగాలి, దిగేటప్పుడు భారం మోకాళ్ళ మీద పడుతుంది, కాబట్టి ఆటోలో చదును రోడ్డుకి వెళ్ళి అక్కడ నడవడంలో చిన్నతనం ఏమీ లేదు.

నడక ఒక్కటే వ్యాయామం అనుకోవడమే మనం చేసే పెద్ద పొరపాటు. నీళ్ళు చాలా మేలు చేస్తాయి. నడుం లోతు నీళ్ళలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు సగమే కాళ్ళ మీద పడుతుంది, ఛాతీ లోతుకి వెళ్తే ఇంకా తగ్గుతుంది. బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, ముందు ఒకసారి వెళ్ళి టైమింగ్స్ కనుక్కుని రండి. ఈత రాకపోయినా పర్వాలేదు, గట్టు పట్టుకుని నీళ్ళలో అటూ ఇటూ నడిచినా చాలు. ఈత వచ్చినవాళ్ళు గోడని వేళ్ళతో తన్ని బయల్దేరకండి, తొడల మధ్య బెండు పెట్టుకుని చేతులతోనే ఈదండి. పూల్ చుట్టూ తడి గచ్చు మీద మాత్రం పట్టున్న చెప్పులతోనే నడవండి. నీళ్ళు కుదరకపోతే ఇంట్లో తొక్కే సైకిల్ ఉంది, పెడల్ మీద వేళ్ళు కాకుండా పాదం మధ్య భాగమో మడమో పెట్టి తొక్కితే బొటనవేలు వంగనే వంగదు. ఒక జిమ్‌లో కుర్రాడు ట్రెడ్‌మిల్ మీద పరుగెడితే కీలు వదులవుతుందని చెప్పాడు. వినకండి. అరిగిన కీలు పరుగుతో వదులవదు.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది మా డైనింగ్ కుర్చీ. చేతులున్న గట్టి కుర్చీ తీసుకుని గోడకి ఆనించి పెట్టండి, జరగకూడదు. మొదటిది, కూర్చుని లేవడం. పాదాలు నేలకి పూర్తిగా ఆనించి, మడమల మీద బరువు వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి నిలబడాలి, మళ్ళీ ధబ్బున కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ కూర్చోవాలి. ఆ కూర్చునేటప్పుడే తొడలకి అసలు పని. మొదటిరోజు నాకు నాలుగుసార్లకే తొడలు వణికాయి, అయిదోసారి చేతులు ఆనించాను. ఇప్పుడు ఒక విడతకి పన్నెండు చేస్తున్నాను. రెండోది, కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, కాళ్ళతో నెట్టకుండా, మోచేతులు చాచి ఒంటిని సీటు మీద నుంచి పైకి లేపడం. పోయినసారి దీన్ని పట్టించుకోలేదు, తర్వాత బాగా ఏడిపించింది. ఎందుకంటే ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నడుస్తామంటాం కానీ నడిచేది భుజాలు, అరచేతులు. నాకు మూడోరోజుకే పాదం కన్నా భుజాలు ఎక్కువ నొప్పి పెట్టాయి. మూడోది, కూర్చుని మోకాలు నిటారుగా చాచి, తొడ కండరం బిగించి అయిదు అంకెలు పట్టి ఉంచడం. ఇది టీవీ చూస్తూ కూడా చేయొచ్చు. ఆపరేషన్ అయిన వారంలోనే, డాక్టరు సరేనంటే, మంచం మీద నుంచే మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

చెప్పుల విషయంలో చాలామంది మెత్తగా ఉందా లేదా అని చూస్తారు. బొటనవేలి కీలు అరిగినవాళ్ళకి మెత్తదనం ముఖ్యం కాదు, వంగకుండా ఉండటం ముఖ్యం. జగదాంబ దగ్గర షాపులో బూటు చేతిలోకి తీసుకుని ఒక చేత్తో మడమ, ఒక చేత్తో ముందు భాగం పట్టుకుని మడిచి చూడండి. చపాతీలా మడత పడిందా, పక్కన పెట్టేయండి. అడుగు గట్టిగా ఉండి, ముందు భాగం పడవ ముక్కులా కాస్త పైకి లేచి ఉన్నవి కావాలి, రాకర్ సోల్ అంటారు వాటిని. వేలు వంగాల్సిన పనిని ఆ వంపు చేస్తుంది, అడుగు దానంతట అదే దొర్లుతుంది. వేళ్ళ దగ్గర వెడల్పు కూడా చూసుకోండి, సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. హవాయి చెప్పులు ఇంట్లో కూడా మానేశాను, అవి జారిపోకుండా వేళ్ళతో పట్టుకోవాల్సి వస్తుంది. చేతికర్ర వాడాల్సి వస్తే నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

బరువు గురించి ఒక్క మాట, ఎవరినీ నొప్పించాలని కాదు. 1 కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది, అందుకే రెండు మూడు కిలోలు కూడా చిన్న సంగతి కాదు. షుగర్ ఉంటే ఆపరేషన్ నాటికి అదుపులోకి తెచ్చుకోండి, పుండు మానడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. పొగతాగే అలవాటు ఉన్నవాళ్ళకి ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అతుక్కోదు కూడా. గుడ్డు, చేప, పప్పు, పెరుగు తగ్గనివ్వకండి.

ఆపరేషన్‌కి వారం ముందే ఇల్లు సర్దుకోండి. డోర్‌మ్యాట్లు తీసేయండి, వాకర్ కాళ్ళకి అవే అడ్డం. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి కడ్డీ, కాలి కట్టు తడవకుండా కవరు, వెస్ట్రన్ కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ. వంటగదిలో ఎత్తు స్టూలు వేసుకుంటే కూర్చునే కూరలు తరుక్కోవచ్చు, కత్తిపీట కొన్నాళ్ళు అటక మీదే ఉండనివ్వండి. రెండో అంతస్తు నుంచి కిందికి ఎలా దిగుతామో, ఎవరు పట్టుకుంటారో కూడా ముందే అనుకోవాలి. మా తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టి వచ్చాడు కాబట్టి సరిపోయింది.

తర్వాత మొదటి రెండు వారాలు పాదాన్ని ఎత్తులో ఉంచడమే పని. ఎత్తు అంటే ముక్కాలిపీట మీద పెట్టుకోవడం కాదు, పడుకుని దిండ్లు పేర్చి గుండె కన్నా పైకి ఉంచాలి. నేను ఒకరోజు ముచ్చట్లలో పడి అరగంట కాలు వేలాడేసి కూర్చున్నాను. కట్టు బయట కనిపిస్తున్న వేళ్ళు నేరేడుపండు రంగులోకి వచ్చి, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు సలిపాయి. పైకెత్తి పడుకుంటే పావుగంటకి రంగు దిగింది. ఈ రోజుల్లోనే రెండో కాలిని చీలమండ దగ్గర పైకీ కిందికీ గంటగంటకీ ఆడించండి, చేతులతో అరలీటరు నీళ్ళ సీసాలు ఎత్తండి. ఎప్పుడు మోపొచ్చు అనేది ఆపరేషన్‌ని బట్టి మారుతుంది, కొందరిని ప్రత్యేకమైన బూటు వేసి మడమ మీద నడవనిస్తారు, కొందరిని ఆరు వారాలు అసలు మోపనివ్వరు. పక్కింటివాళ్ళు పదో రోజుకే నడిచారని మీరు నడవకండి. కుట్లు తీసి పుండు పూర్తిగా మానేదాకా పూల్ వద్దు. పిక్క గట్టిపడి నొప్పి, వాపు వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా మర్నాటిదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళిపోండి, అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. మామూలు వాపు మాత్రం నెలల తరబడి ఉంటుంది. నాకు ఎనిమిదో నెలలో కూడా సాయంత్రానికి బూటు బిగుతయ్యేది, టెన్షన్ పడకండి.

మన వైపు ఎవరైనా అడిగేది ఒకటుంది, సింహాచలం గిరి ప్రదక్షిణ ఎలా అని. అది దాదాపు 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. ఏటా వెళ్ళినదాన్ని, మానుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అరిగిన కీళ్ళతో, ఆపరేషన్ ముందు, ఆ పని చేయకండి. ఆ ఏడాది నేను దారి పక్కన కుర్చీ వేసుకుని నడిచేవాళ్ళకి మజ్జిగ గ్లాసులు అందించాను, రాత్రంతా చేతులకి తీరిక లేదు. దర్శనానికి ఇంకో రోజు బస్సులో కొండ మీదికి వెళ్ళాను.

డాక్టరు దగ్గరికి ఈసారి కాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. మడమ మీద బరువు ఎప్పుడు వేయొచ్చు, మొత్తం పాదం ఎప్పుడు మోపొచ్చు, స్నానం ఎప్పుడు, సైకిల్ ఎప్పుడు, మెట్లు ఎప్పుడు, స్కూటీ ఎప్పుడు. పోయినసారి స్కూటీ గురించి అడగడం మర్చిపోయాను, బ్రేకులు చేతులకే కదా అనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆపితే బండి బరువంతా ఏ పాదం మీద ఆపుతామో అప్పటిదాకా ఆలోచించలేదు. మీ కాగితంలో అది కూడా రాసుకోండి.