రేసింగ్ కెరీర్‌లో గడ్డు రోజులు వచ్చినప్పుడు ఏం చేయాలి?

మోటార్‌సైకిల్ రేసింగే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకి గెలుస్తున్నంత కాలం ఎవరి సలహా పెద్దగా అక్కర్లేదు. టీమ్ చుట్టూ ఉంటుంది, స్పాన్సర్లు ఫోన్లు చేస్తుంటారు, బైక్ చెప్పినట్టు వింటుంది. ఒక రైడర్ కెరీర్ ఎన్నాళ్లు నిలుస్తుందనేది నా దృష్టిలో అతని వేగం కన్నా, ఎముక విరిగిన నెలలోనూ ఫామ్ పోయిన ఏడాదిలోనూ అతను తీసుకునే నాలుగైదు నిర్ణయాల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఇక్కడ రాస్తున్నది ఆ నిర్ణయాల గురించే.

ముందు గాయాలు. ఈ వృత్తిలో పడకుండా ఎవరూ ఉండరు కాబట్టి, పడ్డాక మళ్లీ ఎప్పుడు బైక్ ఎక్కాలి అన్నదే అసలు ప్రశ్న. కాలర్‌బోన్ (మెడ కింద నుంచి భుజం దాకా ఉండే ఎముక) విరిగితే ప్లేటు, స్క్రూలు వేయించుకుని రోజుల్లోనే తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. 2013లో నెదర్లాండ్స్‌లోని అసెన్ ట్రాక్‌లో మోటోజీపీ (మోటార్‌సైకిల్ రేసింగ్‌లో అన్నిటికన్నా పై స్థాయి ప్రపంచ ఛాంపియన్‌షిప్) రైడర్ హోర్హే లోరెంజో గురువారం కాలర్‌బోన్ విరగ్గొట్టుకుని, బార్సిలోనా వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, శనివారం రేసులో ఐదో స్థానంలో వచ్చాడు. ఇలాంటివి విన్నప్పుడు మనకీ అదే చేయాలనిపిస్తుంది, అక్కడే ప్రమాదం. ఎందుకంటే 2020 జూలైలో స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాక్‌లో మార్క్ మార్కెజ్ కుడి చేతి పై ఎముక విరిగింది, రెండు రోజులకి ఆపరేషన్ అయింది, ఆ వారాంతంలోనే మళ్లీ బైక్ ఎక్కి నొప్పి తట్టుకోలేక మధ్యలో తప్పుకున్నాడు. తర్వాత ఇంట్లో పెద్ద కిటికీ తీస్తుండగా వేసిన ప్లేటు దెబ్బతింది. ఆగస్టులో రెండో ఆపరేషన్, డిసెంబరులో మూడోది, 2022లో నాలుగోది. అప్పటికే ఆరుసార్లు మోటోజీపీ ఛాంపియన్ అయినవాడు, అతని చుట్టూ మంచి డాక్టర్లు ఉన్నారు, ఫిట్‌నెస్ పరీక్ష కూడా పాసయ్యాడు. అయినా ఇలా జరిగింది.

కాబట్టి డాక్టర్‌ని “ఎప్పటికి రేసు చేయొచ్చు?” అని అడక్కండి, “ఇదే చోట మళ్లీ పడితే ఏమవుతుంది?” అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకీ వచ్చే జవాబులు చాలా వేరుగా ఉంటాయి. ట్రాక్ దగ్గర చేసే ఫిట్‌నెస్ పరీక్షలో చేయి కదులుతోందా, పుషప్స్ తీయగలరా అనే చూస్తారు. మూడొందల కిలోమీటర్ల వేగం నుంచి బ్రేక్ పట్టినప్పుడు ఒంటి బరువంతా మణికట్ల మీదకి వస్తుంది, అది ల్యాప్‌కి ఎన్నో సార్లు, రేసంతా జరుగుతుంది. దాన్ని ఏ గదిలోనూ పరీక్షించలేరు. మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది, దానికి రక్తం సరిగ్గా అందదు కాబట్టి అతకడానికి చాలా టైమ్ పడుతుంది, ఒక్కోసారి అసలు అతకదు. అలాంటిదాన్ని కాలర్‌బోన్‌తో సమానంగా లెక్కేయొద్దు. తలకి దెబ్బ తగిలితే మాత్రం ఆలోచించేదేమీ లేదు. కళ్లు తిరిగినా, ఒకటి రెండుగా కనిపించినా దాచకుండా చెప్పి, ఆ వారాంతం వదిలేయండి.

ముంజేతులు బిగుసుకుపోయి వేళ్లు బ్రేక్ లివర్ మీద పట్టు కోల్పోవడం, రైడర్లు ఆర్మ్ పంప్ అంటారు, ఇది ఇంకో రకం. 2021లో హెరెజ్‌లో రేసు లీడ్ చేస్తున్న ఫాబియో క్వార్టరారో దీనివల్లే పదమూడో స్థానానికి జారిపోయాడు. వెంటనే సర్జరీ చేయించుకున్నాడు, ఆ ఏడాదే ఛాంపియన్ అయ్యాడు. సర్జరీ దాకా వెళ్లే ముందు లివర్ కోణం, హ్యాండిల్‌బార్ గ్రిప్ మందం, అన్నిటికన్నా ముందు భయంతో అవసరానికి మించి గట్టిగా పట్టుకుంటున్నారేమో చూసుకోండి.

ఇక ఏ గాయమూ లేకుండానే ఫామ్ పోతుంది, ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టేది. తప్పు బైక్‌దా, నాదా? ఈ ప్రశ్నకి మనసులో జవాబు వెతక్కండి, డేటాలో వెతకండి. అదే బైక్ మీద ఉన్న టీమ్‌మేట్ టెలిమెట్రీని (బైక్‌లోని సెన్సర్లు రికార్డు చేసే డేటా) మీదానిపై పెట్టి, ఒక్క మలుపు తీసుకుని చూడండి. బ్రేక్ మీకన్నా ఆలస్యంగా వేస్తున్నాడా, బ్రేక్ వదిలేటప్పుడు మెల్లగా వదులుతున్నాడా, థ్రాటిల్ ముందే తెరుస్తున్నాడా? తేడా అన్ని మలుపుల్లో ఒకే చోట వస్తుంటే అది మీ అలవాటు అయ్యుండొచ్చు, ఇద్దరూ ఒకే చోట ఇబ్బంది పడుతుంటే బైక్‌ది. సెట్టింగులు ఒకసారికి ఒకటే మార్చండి, మూడు మార్చి ల్యాప్ టైమ్ తగ్గినా ఏది పనిచేసిందో తెలియదు. క్రూ చీఫ్‌తో (మీ బైక్ పనంతా చూసే ప్రధాన ఇంజినీర్) మాట్లాడేటప్పుడు “బైక్ బాలేదు” అంటే ఆయన చేయగలిగింది ఏమీ లేదు, ఎక్కడ ఏం ఇబ్బందో చెప్పాలి. లోరెంజో డుకాటీ టీమ్‌కి వెళ్లిన మొదటి ఏడాది, 2017లో, ఒక్క రేసూ గెలవలేదు. బ్రేక్ పట్టినప్పుడు ఒంటిని ఆపుకోడానికి ఆసరా లేక చేతులు అలిసిపోతున్నాయని చెప్పి, పెట్రోల్ ట్యాంక్ ఆకారం మార్పించుకున్నాక 2018లో ఇటలీలోని ముజెల్లోలో గెలిచాడు, ఆ తర్వాత ఇంకో రెండు. అయితే అప్పటికే డుకాటీతో సంబంధం తెగిపోయే దాకా వచ్చింది, ముజెల్లో తర్వాత రోజుల్లోనే అతను హోండాకి వెళ్తున్నట్టు ప్రకటన వచ్చేసింది. టీమ్‌కి గానీ రైడర్‌కి గానీ ఇంకొన్ని వారాల ఓపిక ఉండుంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

టీమ్ మారడం గురించి కూడా గట్టిగానే చెప్తాను. ఫ్యాక్టరీ సీటు (బైక్ కంపెనీ సొంత టీమ్‌లో చోటు) వదిలి శాటిలైట్ టీమ్‌కి (ఆ కంపెనీ బైకులు తీసుకుని నడిపే వేరే టీమ్) వెళ్లడాన్ని పడిపోవడం అనుకోకండి. మార్కెజ్ 2023 చివర్లో, కాంట్రాక్ట్ ఇంకో ఏడాది ఉండగానే హోండా వదిలి, గ్రెసినీ అనే శాటిలైట్ టీమ్‌లో ఏడాది పాత డుకాటీ ఎక్కాడు. 2024లో అరగాన్‌లో గెలిచాడు, 2025లో ఫ్యాక్టరీ డుకాటీ మీద మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. సంతకం పెట్టే ముందు మూడు విషయాలు చూడండి: క్రూ చీఫ్ ఎవరు, బైక్ ఏ సంవత్సరానిది, ఫలితాలు రాకపోతే మధ్యలో తీసేసే షరతు ఉందా. జీతం అంకె ఆ తర్వాత.

సీజన్ మధ్యలో వెనకబడితే పాయింట్లు లెక్కేసుకోండి, భయం తగ్గుతుంది. 2022లో డుకాటీ రైడర్ పెక్కో బన్యాయా 91 పాయింట్లు వెనకబడి కూడా వరసగా నాలుగు రేసులు గెలిచి టైటిల్ పట్టాడు. 2023 నుంచి స్ప్రింట్ (శనివారం జరిగే చిన్న రేసు) గెలిస్తే 12, మెయిన్ రేసు గెలిస్తే 25, అంటే ఒక్క వారాంతంలో 37 పాయింట్లు ఉన్నాయి.

డబ్బు విషయం క్లుప్తంగా. మోటోజీపీ కన్నా కింది క్లాసుల్లో సీటు కోసం స్పాన్సర్ డబ్బు రైడరే తెచ్చుకోవాల్సిన పరిస్థితి చాలా చోట్ల ఉంది, కాబట్టి బాగున్న ఏడాది సంపాదనని ప్రతి ఏడాదీ వచ్చేదిగా లెక్కేసి ఖర్చులు పెంచకండి. ఇన్సూరెన్స్ కాగితాల్లో రేసింగ్‌ని మినహాయించారేమో చదివి చూడండి, చాలా మామూలు పాలసీల్లో అది ఉంటుంది.

ఆపడం ఎప్పుడో మీరే తేల్చుకోవాలి. కేసీ స్టోనర్ రెండుసార్లు ఛాంపియన్ అయ్యాక 27 ఏళ్లకే మానేశాడు. డానీ పెడ్రోసా 2018లో రేసింగ్ ఆపి కేటీఎమ్‌కి టెస్ట్ రైడర్‌గా వెళ్లాడు, 2023లో మిసానోలో వైల్డ్‌కార్డ్‌గా (ఆ రేసుకి మాత్రమే ఇచ్చే అనుమతితో) దిగి స్ప్రింట్‌లోనూ రేసులోనూ నాలుగో స్థానంలో వచ్చాడు. టెస్ట్ రైడర్‌కి కావాల్సింది బైక్ ఏం చేస్తోందో ఇంజినీర్లకి అర్థమయ్యేలా చెప్పడం. అది ఈ ప్రాక్టీస్ సెషన్ నుంచే మొదలుపెట్టండి: బైక్ దిగిన వెంటనే, ల్యాప్ టైమ్ చూడకముందే, ప్రతి మలుపులో ఏం అనిపించిందో ఒక పుస్తకంలో రాసుకుని, తర్వాత డేటాతో పోల్చి చూడండి.