ట్యాబ్‌లో టచ్ దానంతట అదే తిరుగుతోందా? ముందు చార్జర్ పీకండి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే నా బెంచీ మీదికి 2011లో ట్యాబ్‌లు రావడం మొదలైంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలో మోటరోలా జూమ్‌తో ట్యాబ్‌ల కోసమే చేసిన ఆండ్రాయిడ్ 3.0 ఆపరేటింగ్ సిస్టమ్, అదే హనీకోంబ్, విడుదలైంది. నా దగ్గరికి వచ్చినవాటిలో అమెరికా నుంచి వేసవి సెలవులకు వచ్చిన పిల్లలు అమ్మానాన్నలకు తెచ్చి ఇచ్చినవి కొన్ని, ఇక్కడి షాపుల్లో కొన్నవి కొన్ని. ఏ ట్యాబ్ తెచ్చినా, ఏ సమస్య చెప్పినా చివర్లో ఒకటే మాట వినేవాణ్ణి. "కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కదండీ, దాంట్లోనే ఏదో తేడా ఉన్నట్టుంది."

ఆ అనుమానంతో నా దగ్గరికి వచ్చేలోపే ఇంట్లో ఎవరో ఒకరు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేసి ఉండేవారు. మనవడి ఫొటోలు పోయి ఉండేవి. సమస్య మాత్రం అలాగే ఉండేది. హనీకోంబ్‌లో లోపాలు లేవని నేను అనను. మే నెలలో 3.1, జులైలో 3.2 ఇచ్చారంటేనే సరిచేయాల్సినవి ఉన్నాయని అర్థం. కానీ టచ్ గురించి, చార్జింగ్ గురించి వచ్చిన ట్యాబ్‌లలో ఎక్కువ వాటికి జబ్బు ట్యాబ్‌లో లేదు, గోడకు పెట్టిన చార్జర్‌లో ఉంది.

అందుకే అడుగుతున్నాను. రీసెట్ కొట్టే ముందు, టచ్ గ్లాసు మార్పించే ముందు, చార్జర్ పీకేసి రెండు నిమిషాలు బ్యాటరీ మీద వాడి చూడండి. దీనికి డబ్బు అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. అయినా వచ్చినవాళ్లలో "పీకి చూశారా" అని అడిగితే "లేదండీ" అనేవాళ్లే ఎక్కువ.

లక్షణం: టచ్‌కి దెయ్యం పట్టినట్టుంది

ఒక చోట నొక్కితే ఇంకో చోట తెరుచుకుంటుంది. కీబోర్డులో ఒక అక్షరం కొడితే నాలుగు పడతాయి. పేజీని పైకి జరుపుతుంటే మధ్యలో బొమ్మ పెద్దదైపోతుంది. కాసేపు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది.

ఇది నాకు గట్టిగా తగిలిన దెబ్బ. 2011 జులైలో మర్రిపాలెం నుంచి రిటైరైన మాస్టారు ఒకాయన ట్యాబ్ తెచ్చారు. పైన చెప్పిన లక్షణాలన్నీ చెప్పారు. నేను చూసినప్పుడు బాగానే ఉంది, కానీ ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. వస్తూ పోతూ ఉండే లోపమనుకుని టచ్ గ్లాసు తెప్పించి మార్చాను. రెండు రోజులు బెంచీ మీద పెట్టి చూశాను, ఒక్క తప్పు కూడా పడలేదు. ఆయన తీసుకెళ్లారు. మర్నాడు సాయంత్రానికే ఫోన్. "బాబూ, మళ్లీ మొదలైందయ్యా."

వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు వాలుకుర్చీలో కూర్చుని ట్యాబ్ ఒళ్లో పెట్టుకున్నారు. పక్కనున్న ప్లగ్ నుంచి చార్జర్ వైరు దానికి తగిలించే ఉంది. ఆయన వేలు పెట్టగానే స్క్రీన్ పిచ్చెక్కినట్టు గెంతింది. వైరు పీకాను, ఆగింది. పెట్టాను, మొదలైంది. ఐదుసార్లు అలా పీకి పెట్టాను. కంపెనీ చార్జర్ ఏదని అడిగితే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మర్చిపోయానని, జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు ఇది కొన్నానని చెప్పారు. నా షాపుకి ఆయన ట్యాబ్ ఒక్కటే తెచ్చారు. చార్జర్ ఏమైందని నేను అడగలేదు. గ్లాసు డబ్బు, కూలీ డబ్బు తిరిగి ఇచ్చేశాను. బాగున్న గ్లాసు పీకి ఇంకోటి వేసినందుకు ఆయన దగ్గర డబ్బు తీసుకునే హక్కు నాకు లేదు.

ఆ చార్జర్ తెచ్చి బెంచీ మీద విప్పాను. లోపల బోర్డు మీద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, తెల్ల అక్షరాలతో సీవై1 అని రాసి ఉంది. దాని కింద రెండు చిల్లులు. ఆ చిల్లుల్లో ఏమీ లేదు. అక్కడ ఉండాల్సింది వై కెపాసిటర్, చిన్న నీలం బిళ్ల. డిజైన్ చేసినవాడు దానికి చోటు పెట్టాడు, తయారు చేసినవాడు మిగుల్చుకున్నాడు.

ఆ బిళ్ల లేకపోతే ఏమవుతుందో కాస్త వివరంగా చెబుతాను. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని చార్జర్ ముందు 320 వోల్టుల దాకా ఉండే డీసీగా మారుస్తుంది. దాన్ని సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 5 వోల్టులకు దించుతుంది. ఆ ఆపడం వదలడంలో పుట్టిన నాయిస్, అంటే అక్కర్లేని విద్యుత్ అలజడి, కొంత ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఇవతలికి వస్తుంది. దాన్ని వచ్చిన వైపుకే తిప్పి పంపే దారి ఆ వై కెపాసిటర్. దారి లేకపోతే నాయిస్ వైరు గుండా ట్యాబ్‌లోకి ఎక్కుతుంది. రెండు పిన్నుల చార్జర్ కాబట్టి ఎర్త్‌కి పోయే వీలూ లేదు.

ఇక ట్యాబ్ సంగతి. గ్లాసు కింద కంటికి కనిపించని సన్నటి గీతలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. వేలు ఆనిన చోట వాటి మధ్య కెపాసిటెన్స్, అంటే చార్జ్ పట్టి ఉంచే శక్తి, రవ్వంత మారుతుంది. ఎంత రవ్వంతంటే, పికోఫారడ్లలో లెక్క, అంటే కెపాసిటెన్స్ కొలిచే ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతుల్లో. టచ్ చిప్ ఆ మార్పును కొలిచి వేలు ఎక్కడుందో తేల్చుకుంటుంది. చార్జర్ నాయిస్ వల్ల ట్యాబ్ మొత్తం నేలతో పోలిస్తే వణుకుతోంది, మీరేమో నేల మీద స్థిరంగా ఉన్నారు. టచ్ చిప్‌కి మాత్రం వణుకుతున్నది మీ వేలే అనిపిస్తుంది. ఒక్క వేలు నాలుగు చోట్ల ఉన్నట్టు లెక్క తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ అందిన లెక్కనే నమ్ముతుంది, అందులో హనీకోంబ్ తప్పేమీ లేదు.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. బొమ్మలు గీసే యాప్ ఏదైనా తెరిచి, చార్జర్ లేకుండా ఒక మూల నుంచి ఇంకో మూలకు వేలితో నెమ్మదిగా గీత గీయండి. చార్జర్ పెట్టి మళ్లీ గీయండి. చార్జర్ దోషమైతే రెండో గీత తెగుతుంది, రంపం పళ్లలా వస్తుంది, లేదా వేలికి సూటిగా పైనా కిందా ఎక్కడో చుక్కలు పడతాయి. ఇంకో గుర్తు కూడా ఉంది. ట్యాబ్‌ను బల్ల మీద పెట్టి వేలు తీసేస్తే స్క్రీన్ శాంతంగా ఉంటుంది, వేలు ఆనితేనే గెంతుతుంది. వేలు పెట్టకపోయినా, చార్జర్ పీకేసినా దానంతట అదే నొక్కుకుంటుంటే అప్పుడు గ్లాసునో, లోపలికి దిగిన తేమనో అనుమానించండి.

యూఎస్‌బీ మీద చార్జ్ అయ్యే ట్యాబ్ అయితే ఇంకో పరీక్ష చేయొచ్చు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్‌కి ట్యాబ్ తగిలించండి. టచ్ బాగుంటే గోడ చార్జర్‌దే తప్పు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, ఇది కరెంటు కోతల వల్ల. "షాపులో బాగుంటుందండీ, ఇంట్లో రాత్రిపూటే ఇలా" అంటారు కొందరు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద చార్జింగ్ పెడుతున్నారేమో చూసుకోండి. చవక ఇన్వర్టర్లు ఇచ్చేది అలలా సాఫీగా సాగే ఏసీ కాదు, మూలలు తేలిన స్క్వేర్ వేవ్. దాని మీద ఓ మోస్తరు చార్జర్లు కూడా నాయిస్ ఎక్కువ పుట్టిస్తాయి. కంపెనీ చార్జర్ ఉండి కూడా ఇన్వర్టర్ మీదే టచ్ చెడితే ట్యాబ్‌కి ఏమీ కాలేదు. ఆ సమయంలో చార్జింగ్ పెట్టి వాడకండి, అంతే.

పరిష్కారం ఒకటే, కంపెనీ చార్జర్. దొరక్కపోతే పేరున్న తయారీ, అదే వోల్టేజీ, అంతే లేదా అంతకంటే ఎక్కువ ఆంపియర్లు. నాయిస్ తగ్గించడానికి వైరుకు బిగించే ఫెర్రైట్ పూస కొన్నిసార్లు పనిచేస్తుంది, అన్నిసార్లూ కాదు. ట్యాబ్ వెనక మెటల్ మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమనడం రెండు పిన్నుల మంచి చార్జర్లలోనూ ఉంటుంది. కానీ చెయ్యి వెనక్కి లాక్కునేంత షాక్ కొడితే ఆ చార్జర్‌ను విప్పొద్దు, ఇంకెవరికీ ఇవ్వొద్దు, పడేయండి. పిల్లలున్న ఇంట్లో దాంతో ఒక్క పూట కూడా పని లేదు.

2011 అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదల చేసిన చవక ట్యాబ్ ఆకాశ్ లాంటి ట్యాబ్‌లకు ఈ గొడవ దాదాపు ఉండదు. వాటిది గట్టిగా నొక్కాల్సిన రెసిస్టివ్ స్క్రీన్. అందులో టచ్ పక్కకు పడుతుంటే సెట్టింగుల్లో టచ్ గురి సరిచేసే క్యాలిబ్రేషన్ ఉందేమో వెతికి చేసుకోండి.

లక్షణం: చార్జ్ ఎక్కడం లేదు, పెట్టినా తగ్గుతోంది

ముందు చార్జర్ మీద సన్నక్షరాలు చదవండి. భూతద్దం కావాల్సి వస్తే తెచ్చుకుని చదవండి. అవుట్‌పుట్ అని ఉన్న వరుసే ముఖ్యం. 2011 నాటి సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్‌కి 5 వోల్టులు, 2 ఆంపియర్లు. జూమ్‌కి, ఏసర్ ఐకోనియా ఏ500కి 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. ఆసుస్ వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ అనే ట్యాబ్ చార్జర్ 15 వోల్టులు ఇస్తుంది. అప్పటి కంప్యూటర్ల యూఎస్‌బీ మామూలుగా ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్. జూమ్, ఐకోనియాలను రాత్రంతా కంప్యూటర్‌కి తగిలించినా చార్జ్ ఎక్కవు, వాటి చార్జింగ్ గుండ్రటి పిన్ను గుండానే. ఆ గెలాక్సీ ట్యాబ్‌లో బ్యాటరీ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు కనిపిస్తే బ్యాటరీ పోయిందని కంగారు పడొద్దు, వచ్చే కరెంటు చాలడం లేదని అర్థం.

ఒక హెచ్చరిక. గుండ్రటి పిన్నుల చార్జర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 5 వోల్టుల చవక ట్యాబ్‌లో 12 వోల్టుల పిన్ను దూరిందని పెట్టేస్తే బోర్డు కాలిపోతుంది. అలా పోయిన దాన్ని చాలాసార్లు తిరిగి బతికించలేం.

అమెరికా నుంచి వచ్చిన చార్జర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 అని ఉంటే మన 230కి భయం లేదు. దానికి పెట్టే కన్వర్టర్ ప్లగ్ వదులుగా ఉందేమో చూడండి. లోపల చిటపట శబ్దం వస్తుంటే మార్చేయండి.

చార్జర్ సరైనదే, అయినా ఎక్కడం లేదంటే ట్యాబ్ సాకెట్‌లోకి టార్చ్ వేసి చూడండి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్ల నుంచి వచ్చేవాటిలో పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. బీచ్‌లో ఇసుక చేతులతో వాడినవైతే చెప్పక్కర్లేదు. ట్యాబ్ ఆపేసి, మెత్తటి టూత్‌బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి. కిరోసిన్, కొబ్బరినూనె పెట్టొద్దు.

మిగతావి

కంప్యూటర్‌కి తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపించడం లేదు: ఇది మాత్రం నిజంగా హనీకోంబ్ మార్పే. అంతకు ముందున్న ఆండ్రాయిడ్ ఫోన్లలా కాకుండా ఇది ఎంటీపీ, అంటే డిస్క్‌లా కనిపించకుండా ఫైళ్లను అడిగి పుచ్చుకునే పద్ధతిలో మాట్లాడుతుంది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లో విండోస్ మీడియా ప్లేయర్ 11 వేసుకోవాల్సి వచ్చేది. విండోస్ 7లో ఏమీ చేయక్కర్లేకపోయేది.

తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి: అప్పట్లో చాలా ట్యాబ్‌లలో తెలుగు ఫాంటే పెట్టలేదు. రీసెట్‌తో రాదు. మా అమ్మకు పేపర్ చదవడానికి నేను 2011లో చేసింది ఇది. ఓపెరా మినీ బ్రౌజర్ వేసి, అడ్రస్ గడిలో ఓపెరా, కోలన్, కాన్ఫిగ్ అని ఇంగ్లిషు అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టాను. వచ్చిన పేజీలో కిందికి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కి బిట్‌మ్యాప్ ఫాంట్స్ వాడాలా, అంటే తెలుగు లాంటి లిపులను బొమ్మలుగా చూపించాలా, అన్నచోట యెస్ పెట్టి సేవ్ చేశాను. పేజీలు కాస్త బరువెక్కాయి, కానీ అక్షరాలు శుభ్రంగా వచ్చాయి.

వైఫై ఉంది, జీమెయిల్ మాత్రం లోపలికి రానివ్వడం లేదు: తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన ట్యాబ్‌లలో తేదీ ఎక్కడికో వెనక్కి పోయి ఉంటుంది. తేదీ తప్పైతే భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు.

లోగో దగ్గర ఆగిపోయింది: పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టి ఆపండి. సరైన చార్జర్‌తో గంట పెట్టి మళ్లీ ఆన్ చేయండి. అయినా అక్కడే ఆగితే అప్పుడు రీసెట్ మాట.

ఆండ్రాయిడ్ మార్కెట్ (2012లో గూగుల్ ప్లేగా పేరు మారిన యాప్‌ల దుకాణం) లేదు: అప్పటి చవక ట్యాబ్‌లలో చాలావాటికి గూగుల్ అనుమతి లేదు, అందుకే అది లేదు. కొనేముందే ఆన్ చేసి చూసుకోవాల్సిన విషయం.

టచ్ చిప్ పోవడం, బోర్డులో చార్జింగ్ ఐసీ పోవడం లాంటివి ఉంటాయి, కానీ అరుదు. అవి ఇంట్లో తేల్చేవి కావు, వాటి గురించి టెన్షన్ పడొద్దు. పైన చెప్పినవన్నీ చూశాక కూడా తేడా ఉంటే ఏ షాపుకైనా తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ట్యాబ్‌తో పాటు ఇంట్లో రోజూ వాడే చార్జర్, అదే వైరు, అదే కన్వర్టర్ ప్లగ్ కూడా సంచిలో వేసుకోండి. బాగుచేసేవాళ్లు అడగకపోయినా తీసి బల్ల మీద పెట్టండి. మాస్టారి చార్జర్ ఆ రోజు నా బల్ల మీద ఉండి ఉంటే ఆయన గ్లాసు మీద నేను చెయ్యి వేసేవాణ్ణి కాదు.