ఆఫీసు బిల్డింగ్‌లో ఏసీ, హీటింగ్ కరెంటు ఖర్చు ఎలా తగ్గించాలి?

కరెంటు బిల్లు చూసి టెన్షన్ పడగానే పాత చిల్లర్ (ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద యంత్రం) మార్చేద్దామనుకోకండి. ముందు వృథా ఆపండి. అప్పుడు లోడు తగ్గుతుంది, కొత్తది కొనాల్సి వచ్చినా చిన్నదే సరిపోవచ్చు.

మొదటి పని: బిల్డింగ్ ఖాళీగా ఉండే రాత్రి, సెలవు రోజు మీటర్ రీడింగ్ గంటగంటకూ రాయించండి. సర్వర్ రూమ్ లాంటివి పోను ఇంకా లోడు ఎక్కువగా ఉంటే, ఏ ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ (గదులకు చల్లటి లేదా వేడి గాలి పంపే పెద్ద ఫ్యాన్ పెట్టె) తిరుగుతోందో స్వయంగా వెళ్లి చూడండి. ఎప్పుడో మీటింగ్ కోసం ‘మాన్యువల్’లో పెట్టిన స్విచ్ అలాగే ఉండిపోవడం మామూలే.

రెండోది: హీటింగ్, కూలింగ్ ఒకేసారి నడవకూడదు. హీటింగ్ 20 డిగ్రీల దగ్గర ఆగితే, కూలింగ్ 24 దాటాకే మొదలవ్వాలి. సెట్టింగ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. వేడినీళ్ల వాల్వ్ మూసి ఉందని స్క్రీన్ చూపిస్తున్నా, చాలాసేపటి తర్వాత కూడా వాల్వ్ అవతలి పైపు వేడిగానే ఉందంటే, అది లీకవుతోందన్నమాట. అలా వచ్చిన వేడిని చల్లార్చడానికి చిల్లర్ మళ్లీ కరెంటు తింటుంది. రెండువైపులా నష్టమే!

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఫ్యాన్ వేగం. ఫ్యాన్ తీసుకునే పవర్ దాని వేగం ఘనంతో మారుతుంది. వేగం 80 శాతానికి దించితే 0.8 × 0.8 × 0.8, అంటే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. డక్ట్‌లో (గాలి వెళ్లే గొట్టంలో) ప్రెషర్ సెట్టింగ్ కూడా తగ్గిస్తేనే ఈ లాభం పూర్తిగా దక్కుతుంది. కాబట్టి వీఎఫ్‌డీ (ఫ్యాన్ వేగం మార్చే పరికరం) బిగించి వదిలేయకండి. గదుల డ్యాంపర్లన్నీ (డక్ట్‌లో గాలిని తగ్గించే, పెంచే రేకు తలుపులు) సగం మూసుకునే ఉంటే ప్రెషర్ ఎక్కువైనట్టే. కనీసం ఒక డ్యాంపర్ దాదాపు పూర్తిగా తెరుచుకునే వరకు మెల్లమెల్లగా తగ్గిస్తూ రండి.

ఫిల్టర్లు, కాయిల్స్ శుభ్రత సంగతి చెప్పనక్కర్లేదు. బయటి గాలి డ్యాంపర్ మాత్రం ఇరుక్కుపోయిందేమో కళ్లతో చూడండి. బయట చల్లగా, పొడిగా ఉన్న రోజు ఆ గాలే చాలావరకు కూలింగ్ చేసేస్తుంది.

ఆఖరుగా నీటి ఉష్ణోగ్రత. ఎండ తక్కువున్న రోజు చిల్లర్ నీటిని 7 డిగ్రీల నుంచి 9కి పెంచి చూడండి. గదుల్లో తేమ పెరిగితే మళ్లీ దించేయండి. కండెన్సింగ్ బాయిలర్ (పొగలోని ఆవిరిని నీరుగా మార్చి, ఆ వేడిని కూడా వాడుకునే రకం) ఉంటే, తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉండాలి. అది దాటితే ఆవిరి నీరుగా మారదు, ఆ రకం బాయిలర్‌కు ఎక్కువ పెట్టిన డబ్బు దండగవుతుంది. మార్చిన ప్రతి సెట్టింగూ తేదీ, కారణంతో సహా ప్లాంట్ రూమ్ గోడకు అంటించండి. లేకపోతే తర్వాతి షిఫ్ట్‌వాళ్లు పాత నంబరే పెట్టేస్తారు.