చైనా ఫ్యాక్టరీకి అడ్వాన్స్ పంపేముందు ఇవి చూసుకోండి

బేగంబజార్‌లో సరుకు కొని అమ్ముకునేవాళ్లు కొందరు, మధ్యలో వాళ్లెందుకు, నేరుగా చైనా నుంచే తెప్పించుకుందాం అనుకుంటున్నారు. మంచిదే. కానీ బ్యాంకు నుంచి పంపిన డబ్బు అవతలి ఖాతాలో పడ్డాక, వాళ్లు ఒప్పుకుంటే తప్ప వెనక్కి రావడం చాలా కష్టం. కాబట్టి చూసుకోవాల్సినవన్నీ అడ్వాన్స్‌కి ముందే చూసుకోవాలి.

మొదట మన కస్టమ్స్ రూల్స్ తేల్చుకోండి. పిల్లల బొమ్మలే తీసుకోండి, 2021 జనవరి 1 నుంచి వాటికి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, ఆ మార్కు వేసుకోవడానికి బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) ఇచ్చే లైసెన్స్ తయారుచేసే ఫ్యాక్టరీకే ఉండాలి, దిగుమతి చేసుకునే మీరు తీసుకుంటానంటే కుదరదు. సర్టిఫికెట్ ఉందంటూ వాళ్లు సీఈ సర్టిఫికెట్ పంపితే అది యూరప్‌కి సంబంధించింది, ఇక్కడ చెల్లదు. లైసెన్స్ నంబర్ అడిగి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఇది చూసుకోకపోతే డబ్బంతా కట్టేశాక సరుకు పోర్టులో ఆగిపోతుంది, పైగా అక్కడ ఆగిన రోజులకి డెమరేజ్ చార్జీ కట్టాలి. వేరే సరుకైతే హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో ఆ సరుకు రకానికి ఉండే నంబర్) చెప్పి కస్టమ్స్ బ్రోకర్‌ని అడగండి. ఐఈసీ (దిగుమతి, ఎగుమతులకి కావాల్సిన కోడ్) లేకపోతే అదీ ముందే తీసుకోండి.

ఇక కంపెనీ సంగతి. చైనాలో రిజిస్టరయ్యేది చైనీస్ పేరు, కార్డు మీద ఇంగ్లీష్‌లో ఎంత పెద్ద పేరైనా వేసుకోవచ్చు. బిజినెస్ లైసెన్స్ కాపీ అడగండి. దాని మీద 18 అంకెలూ అక్షరాలూ కలిసిన కోడ్ ఉంటుంది, దాన్ని అక్కడి ప్రభుత్వ రిజిస్ట్రీ సైట్‌లో వెతికి, వ్యాపార పరిధి అనే చోట తయారీ రాసుందో, ఉత్త అమ్మకాలే రాసున్నాయో అనువాదం పెట్టి చదవండి. ట్రేడర్ అయితే తప్పేం లేదు, చిన్న ఆర్డర్‌కి ఒక్కోసారి వాళ్లే నయం. ట్రేడర్ అయ్యుండి ఫ్యాక్టరీ మాదే అని చెప్పేవాళ్లతో మాత్రం వద్దు.

ప్రొఫార్మా ఇన్వాయిస్ (సరుకు పంపకముందే ధర, వివరాలు రాసిచ్చే బిల్లు) వచ్చాక లైసెన్స్‌లో పేరు, ఇన్వాయిస్‌లో పేరు, బ్యాంకు ఖాతా పేరు పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకే కంపెనీవి కావాలి. ఖాతా ఎవరో మనిషి పేరు మీద ఉంటే పంపకండి. ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం: సరిగ్గా డబ్బు పంపే రోజున "మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ కొత్త ఖాతాకి వేయండి" అని మెయిల్ వస్తే, ఇన్నాళ్లూ మీరు మాట్లాడుతున్న మెయిల్ ఐడీ నుంచే వచ్చినా నమ్మొద్దు, ఎందుకంటే ఆ మెయిలే హ్యాక్ అయ్యుండొచ్చు. పాత నంబర్‌కి వీడియో కాల్ చేసి, మనిషి ముఖం చూసి అడగండి.

మామూలుగా 30 శాతం అడ్వాన్స్, 70 శాతం షిప్‌మెంట్‌కి ముందు అంటారు. ఆ 70 శాతమే మీ చేతిలో ఉన్న పట్టు. మీరు ఓకే చేసిన శాంపిల్ ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉంచి, కొలతలు, మెటీరియల్, ప్యాకింగ్ అన్నీ ఇన్వాయిస్‌లోనే రాయించండి. సరుకంతా తయారై, కనీసం 80 శాతం ప్యాకయ్యాక ఎస్‌జీఎస్ లాంటి బయటి సంస్థతో ఇన్‌స్పెక్షన్ చేయించి, రిపోర్ట్ చదివాకే మిగతాది ఇస్తామని అందులోనే ఉండాలి. దానికి ఖర్చవుతుంది, మొదటి ఆర్డర్‌కి మాత్రం మానకండి. అలీబాబాలో కొంటుంటే ట్రేడ్ అష్యూరెన్స్ (కొన్నవాళ్ల డబ్బుకి ఆ సైట్ ఇచ్చే రక్షణ) ఆర్డర్ పెట్టి అక్కడే కట్టండి, బయట కడితే తగ్గిస్తామన్నా సరే, ఆ రక్షణ పోతుంది.

అడ్వాన్స్ వెళ్లాక మన బ్యాంకు సరుకు వచ్చినట్టు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతైన సరుకుకి కస్టమ్స్‌లో వేసే పత్రం) అడుగుతుంది, అది వచ్చేదాకా ఆ పేమెంట్ పెండింగ్‌లోనే కనిపిస్తుంది. అందుకని ఇన్వాయిస్, స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే రుజువు), మెయిల్స్ అన్నీ దాచుకోండి. వీచాట్‌లో (చైనావాళ్లు వాడే చాట్ యాప్) ఒప్పుకున్న మాటలు కూడా అదే రోజు మెయిల్‌లో రాయించుకోండి.