కుక్కేకు బయలుదేరేవాళ్ళకు: ఆకాశం చూసి ఏట్లో దిగొద్దు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కర్ణాటకలో పడమటి కనుమల కింద ఉన్న సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కుక్కే సుబ్రహ్మణ్య, అక్కడి కుమారధార ఏటి స్నానఘట్టం. మా మూడో అంతస్తు వాళ్ళ అబ్బాయి మెట్ల మీద జారి ఏట్లో పడ్డాడు. వాడి వెనకాలే వాళ్ళ నాన్న దూకేశాడు. ఒడ్డునున్నవాళ్ళు పంచెలు ముడేసి విసిరితే ఎలాగో ఇద్దరూ బయటపడ్డారు. అబ్బాయికి మణికట్టు విరిగింది, ఆయనకు నెత్తిన ఏడు కుట్లు. వీడియో కింద అందరూ "స్వామి కాపాడాడు" అని రాశారు. కాదనను. కానీ నాకు ఆ వీడియోలో ఇంకొకటి కనిపించింది. వాళ్ళ నెత్తి మీద ఆకాశం నీలంగా ఉంది. ఒక్క చినుకు లేదు.

నేనిది రాస్తున్నది అందుకే. శ్రావణం వస్తోంది. మా రాయలసీమ ఇళ్ళల్లో చాలామందికి నాగుల చవితి శ్రావణంలోనే. కార్తీకంలో చేసుకునే కోస్తావాళ్ళు అదృష్టవంతులు, అప్పటికి వానలు తగ్గుతాయి. మాకేమో అయ్యవారు జాతకం చూసి సర్పదోషం పోవడానికి కుక్కేలో సర్పసంస్కారం చేయించమంటాడు, ఊరినుంచి అత్తామామలు దిగుతారు, శుక్రవారం ఆఫీసు అయిపోగానే బెంగళూరు మారతహళ్ళి నుంచి కారు బయలుదేరుతుంది. పడమటి కనుమల్లో వానలు దంచేది సరిగ్గా అప్పుడే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. గుళ్ళో చొక్కా విప్పాలి, రద్దీ ఉంటుంది, చిల్లర పెట్టుకోవాలి లాంటివి మీకు తెలుసు. అవి వదిలేస్తున్నాను.

ఏటి సంగతి

కుక్కేకి నెత్తిమీదే కుమారపర్వతం ఉంది. ఎత్తు 1,712 మీటర్లు. కుమారధార ఆ కొండల్లోంచే దిగివచ్చి, కుక్కే దాటి, ఉప్పినంగడి దగ్గర నేత్రావతిలో కలుస్తుంది. అంటే మీరు స్నానం చేసే చోటు కొండ కాళ్ళ దగ్గర. పైన కుండపోతగా కురుస్తున్నప్పుడు కింద ఎండ కాస్తూ ఉండొచ్చు. ఆ నీళ్ళు వాగులన్నీ కలుపుకుని మీ దాకా వచ్చేవరకు మీకు కబురుండదు. వచ్చాక కబురు అక్కర్లేదు.

తారకాసురుణ్ణి చంపాక కుమారస్వామి తన ఆయుధం కడుక్కున్న నీళ్ళని స్థలపురాణం. ఆ నీళ్ళలో మునగకుండా దర్శనానికి పోవడానికి పెద్దవాళ్ళకు మనసొప్పదు. మనమేమో పెన్న, చిత్రావతి, హగరి చూసి పెరిగినవాళ్ళం. ఏరంటే మనకు ఇసక. నీళ్ళు కావాలంటే చెలమ తవ్వాలి. అలాంటివాళ్ళకు నిండుగా పారే నీళ్ళు కనబడితే భయం వేయదు, సంబరం వేస్తుంది.

నాలుగేళ్ళ కింద మా మామను తీసుకుపోయాను. కళ్యాణదుర్గం పక్కన పల్లె ఆయనది. మెట్ల దగ్గర నేను కాస్త వెనకాడితే, "మోకాలి లోతే కదా అల్లుడా, దీనికే టెన్షనా?" అన్నాడు. నేనూ పైకి చూశాను. మబ్బు లేదు. "సరే మామా, కానీ" అన్నాను. ఆయన సంకల్పం చెప్పుకుని, మూడు మునకలేసి, పంచె పిండుకునేలోపు నీళ్ళు నడుముకొచ్చాయి. నీటి రంగు ఎప్పుడు మారిందో ఇద్దరం చూడలేదు. తడిసిన పంచె కాళ్ళకు చుట్టుకుంది, అడుగు పడలేదు. ఒడ్డున ఎవరో విజిల్ ఊదుతుంటే జనాన్ని అదిలిస్తున్నారనుకున్నాను. ఊదింది మా కోసమే. ఇద్దరు కుర్రాళ్ళు ఆయన్ని చంకల కింద పట్టి లాగారు. ఆ పూట మామ గుళ్ళో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

కాబట్టి మళ్ళీ చెప్తున్నాను. ఏట్లో దిగేముందు మీ నెత్తి మీది ఆకాశం చూడొద్దు. కొండ చూడండి. కొండ మబ్బులో మునిగి ఉంటే దిగొద్దు. కొండ కనబడకపోతే దిగొద్దు. చీకట్లో కొండా కనబడదు, నీటి రంగూ కనబడదు కాబట్టి తెల్లవారకముందు అసలు దిగొద్దు.

దిగినా, ముందు ఒక మెట్టు గుర్తు పెట్టుకోండి. నీటికి సరిగ్గా పైన ఉన్న మెట్టు. ఒడ్డున ఒకరిని ఆ మెట్టు మీదే కన్నేసి నిలబెట్టండి, ఫోన్ చేతిలో లేకుండా. ఆ మెట్టు తడిసిందంటే అందరూ బయటికి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నా, ఏటి చప్పుడు మారినా అంతే. మునక సగంలో ఉన్నా సరే. మోకాలి లోతు కూడా అక్కర్లేదు, వేగంగా పారేదైతే ఆరంగుళాల నీళ్ళు చాలు మనిషిని పడదోయడానికి.

మునగకపోతే మొక్కు చెల్లదేమోనని భయపడే పెద్దవాళ్ళకు ఒక మాట. ఏరు పొంగి స్నానఘట్టం మునిగినప్పుడు అక్కడివాళ్ళే స్నానాలు ఆపేస్తారు. భక్తులు ఒడ్డునే నీళ్ళు నెత్తిన చల్లుకుని గుడికి పోతారు. ఒక చెంబు తీసుకుపోండి. పై మెట్టు మీద కూర్చుని మూడు చెంబులు పోసుకోండి.

దారి సంగతి

బెంగళూరు నుంచి దాదాపు 280 కిలోమీటర్లు. చాలామంది పోయేది సకలేశపుర దాటి శిరాడి ఘాట్ మీదుగా. 2018 ఆగస్టులోనూ, 2024 జూలైలోనూ ఆ ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. రైలు భద్రం అనుకోకండి. 2024 జూలైలోనే యడకుమరి దగ్గర పట్టాల కింద మట్టి జారి ఆ లైన్‌లో రైళ్ళు రద్దయ్యాయి. బయలుదేరే రోజు పొద్దున ఘాట్ తెరిచి ఉందో లేదో వార్త చూసుకోండి. మూసి ఉంటే మానుకోండి. ఫోన్‌లో మ్యాప్ బిసలె ఘాట్ చూపించిందని రాత్రిపూట అటు తిప్పొద్దు. ఇరుకు దారి, అడవి, ఏనుగులు తిరిగే చోటు.

రాత్రి ప్రయాణంలో అసలు చిక్కు వేరే ఉంది. రాత్రి బయలుదేరినవాళ్ళు తెల్లవారుజామున చేరతారు. నిద్రకళ్ళతో, పిల్లల్ని చంకనేసుకుని, చీకట్లో నేరుగా ఏటికి పోతారు. పగలు బయలుదేరండి. ఆ రాత్రి గదిలో పడుకోండి. ఏటి దగ్గరికి తెల్లారాక పోండి.

సర్పసంస్కారం రెండు రోజుల పని. సరిగ్గా రెండు రోజులే సెలవు పెట్టుకున్నవాళ్ళను చూశాను. "ఇప్పుడు కాకపోతే లేట్ అయిపోతుంది" అని పొంగుతున్న నీళ్ళలోకి దిగేది వాళ్ళే. మూడో రోజు చేతిలో ఉంచుకోండి. సేవలు దేవస్థానం ద్వారా తప్ప బయటివాళ్ళ చేత బుక్ చేయించొద్దు. డబ్బు పోవడం ఒకటి, చెప్పిన టైముకు పరిగెత్తించడం ఇంకొకటి.

అసలు శ్రావణంలోనే కుక్కేకి పోవాలా? ఇటువైపు వాడుకలో సుబ్రహ్మణ్య క్షేత్రాలకు ఆది కుక్కే, మధ్య ఘాటి, అంత్యం నాగలమడక. ఘాటి సుబ్రహ్మణ్య దొడ్డబళ్ళాపుర దగ్గరే, మనకు 60 కిలోమీటర్లు. స్వామి తూర్పుముఖం, వెనకవైపు నరసింహస్వామి పడమటి ముఖం, ఆయన్ని అద్దంలో చూడాలి. నాగప్రతిష్ఠ అక్కడా చేయించవచ్చు. నాగలమడక పావగడ తాలూకాలో ఉంది, అక్కడ తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబొస్తుంది. పిల్లలూ ముసలివాళ్ళూ ఉంటే ఈ వానలకు ఘాటికి పోండి, కుక్కేకి నవంబరు దాటాక పోండి. ఈ మాట మా అత్తకు మూడేళ్ళుగా చెప్తున్నాను, వినలేదు. వినని వాళ్ళ కోసం మిగతావి:

స్నానఘట్టం వదిలి పక్కకు పోవద్దు. అక్కడ జనం లేనిది మీ కోసం కాదు, లోతుంది కాబట్టి.

పాచి మెట్లు. వంగి చేత్తో తడిమి అడుగేయండి.

చీర, పంచె గోచీ పెట్టుకోండి లేదా మోకాలి పైకి బిగించి కట్టండి. పట్టుచీరతో దిగొద్దు.

పిల్లల వేళ్ళు పట్టుకోవద్దు, జారిపోతాయి. మణికట్టు పట్టుకోండి.

మూర్ఛ వచ్చేవాళ్ళు ఒడ్డునే. వాదన లేదు.

ముందురోజు రాత్రి మందు కొట్టినవాడు దిగకూడదు. ఎవరో మీకు తెలుసు.

విజిల్ వినబడితే బయటికి. ఎవరికోసం ఊదారో తర్వాత కనుక్కోవచ్చు.

ఒకరు కొట్టుకుపోతే వెనకాల దూకొద్దు. తండ్రైనా, అన్నైనా. ఒక చావు మూడు చావులయ్యేది అలాగే. పంచె, చీర, తాడు, ఖాళీ క్యాన్, ఏది ఉంటే అది విసరండి. 112కి కొట్టండి.

మీరే కొట్టుకుపోతే ఎదురీదొద్దు. వెల్లకిలా తిరిగి, కాళ్ళు ముందుకు పెట్టి, నీళ్ళతోపాటే పోతూ ఒడ్డువైపు ఏటవాలుగా జరగండి.

దర్పణతీర్థం చిన్న వాగే కదా అనొద్దు. దానికీ అదే వాన.

కుమారపర్వతం ట్రెక్ వానాకాలంలో వద్దు. గుడికి వచ్చారు, గుడి చూసుకుని పోండి.

పుట్ట కన్నంలో చేయి పెట్టొద్దు. పసుపు, కుంకుమ పైనే చల్లండి. పాలు పాము తాగదు, చుక్క వేసి దండం పెట్టుకుంటే చాలు. రాత్రి గది బయటికి టార్చ్ లేకుండా అడుగు పెట్టొద్దు.

కాటు పడితే తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం వేయించొద్దు. ఉంగరం, గాజులు, మెట్టెలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108 అంబులెన్స్‌లో యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి పోండి. పామును వెతుక్కుంటూ పోవద్దు.

ఏట్లో సెల్ఫీ వద్దు. ఒక్కటైనా వద్దు.

"ఇక్కడ వాన లేదన్నా, ఎండ కాస్తోంది" అని ఏటి ఒడ్డు నుంచి నాకు ఫోన్ చేయొద్దు. నేను అడిగేది ఒకటే, కొండ కనబడుతోందా?

మా మామ ఈ శ్రావణంలో మళ్ళీ వస్తానంటున్నాడు. చిక్కపేటకు పోయి ఇత్తడి చెంబు కొనుక్కొచ్చాను, రెండు లీటర్లది.